అడవి అంచున ఇల్లు: మంటొస్తే నష్టం ఎవరిది?

మా బాబాయికి కొండపల్లి కొండల కింద, రిజర్వ్ ఫారెస్టు హద్దు రాళ్లకు కాస్త ఇవతల కొంచెం పట్టా భూమి ఉంది. రిటైరయ్యాక అక్కడ ఇల్లు కట్టుకోవాలని ఎన్నాళ్లనుంచో కోరిక. మాఘమాసంలో శంకుస్థాపనకు ముహూర్తం పెట్టించుకుని, కాంట్రాక్టరు రాసిచ్చిన అగ్రిమెంటు తెచ్చి నా ముందు పెట్టాడు. "సంతకాలు పెట్టే ముందు ఒకసారి చూడరా" అన్నాడు.

వంద రూపాయల స్టాంపు పేపరు, దానికి కుట్టిన రెండు తెల్లకాగితాలు. చదరపు అడుగు రేటు, ఏ దశలో ఎంత డబ్బు ఇవ్వాలి, ఏ సిమెంటు, ఏ ఇనుము, ఎన్ని నెలల్లో అప్పగించాలి... అన్నీ ఉన్నాయి. చిట్టచివర ఒక వాక్యం: "ప్రకృతి వైపరీత్యాలకు కాంట్రాక్టరు బాధ్యుడు కాడు."

విజయవాడలో ఇళ్ల అగ్రిమెంట్లు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ వాక్యాన్ని కొన్ని వందలసార్లు చదివి ఉంటాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడేదాకా దాని గురించి పెద్దగా ఎవరూ ఆలోచించలేదు. నీళ్లు తీశాక సగం కట్టిన ఇళ్ల దగ్గర సిమెంటు బస్తాలు బండల్లా గట్టిపడి ఉంటే, యజమానీ కాంట్రాక్టరూ ఇద్దరూ ఇదే వాక్యం మీద వేలు పెట్టి చూపించుకున్నారు. బాధ్యుడు కాడు సరే, దేనికి? ఆలస్యానికా? పాడైన సరుకుకా? పెరిగిన కూలి రేట్లకా? పని వదిలేసి వెళ్లిపోతే అడ్వాన్సు వెనక్కి ఇవ్వడానికా? ఇవి నాలుగు వేరు వేరు ప్రశ్నలు. నాలుగింటినీ ఒకే వాక్యంలో కుక్కేసరికి ఎవరికి కావలసిన అర్థం వాళ్లు తీసుకున్నారు.

అడవి పక్కన కట్టేవాళ్లకు దీనికి తోడు ఇంకో చిక్కు కూడా ఉంది. వరద ప్రకృతి వైపరీత్యమని పెద్దగా వాదించుకోనక్కర్లేదు. అడవి మంట సంగతి అలా కాదు.

కొండపల్లి కొండలు ఆకురాల్చే అడవి. బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్లు పెరిగేది ఈ కొండల్లోనే. శిశిరంలో రాలిన ఆకు నేల మీద మందంగా పరుచుకుని, ఎండ ముదిరేకొద్దీ అప్పడంలా ఎండిపోతుంది. అయినా ఆ ఆకు తనంతట తాను అంటుకోవడం చాలా అరుదు. మన అడవుల్లో మంటలు ఎక్కువ భాగం మనుషుల చేతుల్లోంచే పుడతాయి. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు. పశువులకు కొత్త గడ్డి మొలుస్తుందని పాత గడ్డికి నిప్పు పెడతారు. ఎవరో బీడీ ముక్క పారేసి వెళ్తారు. మరి దీన్ని ప్రకృతి వైపరీత్యం అనొచ్చా? కాంట్రాక్టరు తరఫు వకీలు అనొచ్చంటాడు, యజమాని తరఫు వకీలు మనిషి చేసిందంటాడు. ఇద్దరి దగ్గరా వాదన ఉంటుంది. అమెరికాలోనూ ఇదే గొడవ. 2018 నవంబరులో కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరిని దాదాపు మొత్తంగా కాల్చేసి 85 మందిని బలిగొన్న మంట, కరెంటు లైను నుంచి పుట్టిందని తేలింది.

అంతకంటే ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇంకోటి ఉంది. మంట అడవిలోంచి సైటుకు వచ్చిందా, సైటులోంచి అడవికి పోయిందా? స్థలం చదును చేసి పొదలన్నీ కుప్పపోసి తగలబెట్టడం మనవాళ్లకు అలవాటు. కూలీలు మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని అన్నం వండుకుంటారు. గ్రిల్స్‌కు వెల్డింగ్ చేస్తుంటే రవ్వలు ఎగురుతాయి. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం. సైటు నుంచి నిప్పు అటు పాకితే కథ నష్టపరిహారంతో ఆగదు, కేసు దాకా వెళ్తుంది. ఆ కేసులో మొదట వినిపించేది స్థలం యజమాని పేరే. కాబట్టి "సైటులో పుట్టిన మంట" అనీ "బయటి నుంచి వచ్చిన మంట" అనీ అగ్రిమెంటులో రెండింటినీ విడదీసి రాయాల్సిందే. మొదటిది పూర్తిగా కాంట్రాక్టరు బాధ్యత. రెండోదాని గురించే మనం కూర్చుని మాట్లాడుకోవాలి.

"రాసుకోకపోతే ఏమైంది, చట్టం ఉంది కదా" అన్నాడు బాబాయి. ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం కుదిరాక ఆ పని అసాధ్యమైపోతే ఒప్పందం చెల్లకుండా పోతుంది. అసాధ్యం అంటే అక్షరాలా అసాధ్యమే కానక్కర్లేదని, ఏది నమ్మి ఒప్పందం చేసుకున్నారో ఆ పునాదే కూలిపోయినా చాలని 1953లో సత్యబ్రత ఘోష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని ఖర్చు పెరిగిందని చేతులెత్తేయడం కుదరదు. ఇండోనేషియా బొగ్గు ధర పెరిగిందని కరెంటు కంపెనీలు ఊరట అడిగితే, ధర పెరగడం అసాధ్యం కిందికి రాదని అదే కోర్టు 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో తేల్చింది.

ఇప్పుడు సగం కట్టిన ఇల్లు కాలిపోయిందనుకోండి. స్థలం అక్కడే ఉంది, ప్లాను ఉంది, మేస్త్రీ ఉన్నాడు. మళ్లీ కట్టొచ్చు. అది అసాధ్యమని కోర్టును ఒప్పించడం తేలిక కాదు. ఒకవేళ ఒప్పించినా ఒప్పందం అక్కడితో అయిపోతుంది. 65వ సెక్షన్ కింద ఎవరు ఎంత లాభం పొందారో లెక్క తేల్చుకుని తిరిగి ఇచ్చుకోవాలి. ఇల్లు మాత్రం రాదు. ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పిన ఇంకో మాట మనకు ముఖ్యం. అనుకోని ఆపదల గురించి ఒప్పందంలోనే క్లాజు ఉంటే ముందు ఆ క్లాజు ప్రకారమే నడుస్తుంది, 56వ సెక్షన్ దాకా పోనక్కర్లేదు. అంటే ఆ చివరి వాక్యాన్ని ఎలా రాశామన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

అపార్ట్‌మెంటు కొనేవాళ్లకు కొంత నయం. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో 6వ సెక్షన్, అనుకోని ఆపదలంటే ఏవో యుద్ధం, వరద, కరువు, అగ్ని, తుపాను, భూకంపం అని పేర్లు పెట్టి చెబుతుంది, ఆ తర్వాత "ప్రకృతి వల్ల కలిగే మరే విపత్తు అయినా" అంటుంది. అగ్ని ఆ జాబితాలో ఉంది కానీ, చివరి మాటను బట్టి ప్రకృతి పెట్టిన నిప్పే లెక్కలోకి వస్తుందా అన్న వాదనకు అక్కడ కూడా తావుంది. ఏదేమైనా సొంత స్థలంలో సొంతానికి కట్టుకునే ఇంటికి రెరా వర్తించదు. బాబాయికి అగ్రిమెంటే దిక్కు.

కాంట్రాక్టరును కూడా పిలిపించి మాట్లాడుకున్నాం. పెద్దమనిషి, తాపీ పనితో మొదలుపెట్టి కాంట్రాక్టరయ్యాడు. నేను చెప్పిందంతా విని ఒక ప్రశ్న వేశాడు. "స్లాబు కింద పెట్టే సర్వీ కర్రలు నావండీ. స్లాబు సారుది. కర్రలు అంటుకుని స్లాబు పోయిందనుకోండి, అప్పుడు ఎవరిది ఎవరు కాల్చినట్టు?"

ఈ విషయంలో నేను విన్న ప్రశ్నల్లో ఇంత సూటిగా ఉన్నది ఇంకోటి లేదు. స్లాబు వేసిన రోజు దాని కిందికి వెళ్లి చూస్తే అదే ఒక చిన్న అడవిలా ఉంటుంది. రెండు మూడు అడుగులకొకటి చొప్పున సర్వీ కర్రలు, వాటి మీద చెక్క రీపర్లు, వాటిపైన ఆయిల్ పూసిన ప్లైవుడ్. కింద రాలిన చెక్క పొట్టు, ఖాళీ గోనె సంచులు. అన్నీ ఇట్టే అంటుకునేవే. ఇది ఒక రోజుతో తీసేసేది కూడా కాదు. కాంక్రీటు పనికి మనం పాటించే ఐఎస్ 456 అనే భారత ప్రమాణం ప్రకారం నాలుగున్నర మీటర్లలోపు స్లాబుకు ఊతకర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. ఆరు మీటర్లలోపు దూలాలకు 14, ఇంకా పొడవైన వాటికి 21 రోజులు. ఆ రోజుల్లో స్లాబు బరువు మోసేది కాంక్రీటు కాదు, ఆ కర్రలే. కొండ మీది నుంచి గాలికి ఎగిరొచ్చిన ఒక్క నిప్పురవ్వ గోనె సంచి మీద పడితే, పచ్చి కాంక్రీటు కింద నుంచి ఊతం పోతుంది.

స్లాబు కూలకుండా నిలబడితే అసలు తగాదా అప్పుడు మొదలవుతుంది. సుమారు 300 డిగ్రీల వేడి తగిలిన కాంక్రీటు, అందులో వాడిన కంకరను బట్టి, లేత గులాబీ రంగులోకి తిరుగుతుంది. అక్కడి నుంచి బలం తగ్గుతూ పోతుంది. కానీ పైన మసి పట్టి ఉంటుంది కాబట్టి కంటితో చూసి చెప్పడం కష్టం. సుత్తిలాంటి పరికరంతో కొట్టి చూసే రీబౌండ్ హామర్ పరీక్ష చేయించాలి, అనుమానంగా ఉంటే కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క (కోర్) తొలిచి తీసి ల్యాబ్‌కు పంపాలి. "మసి కడిగి ప్లాస్టరింగ్ చేసేద్దాం, ఏం కాదు" అని కాంట్రాక్టరు అంటాడు. "మొత్తం కొట్టేసి మళ్లీ వెయ్యి" అని యజమాని అంటాడు. పరీక్షకు ఎవరు డబ్బు పెట్టాలి, ఫలితం ఎంత వస్తే ఉంచాలి, ఎంత వస్తే కొట్టేయాలి, అది చెప్పేది ఎవరి ఇంజనీరు అన్నది ముందే రాసుకోకపోతే ఆ గొడవ ఇల్లు కట్టినంత కాలం నడుస్తుంది.

పనుల క్యాలెండరు కూడా మనకు వ్యతిరేకంగానే ఉంది. మాఘంలో పునాది తీస్తే పిల్లర్లు, దూలాలు లేచేసరికి ఉగాది దాటుతుంది. స్లాబు చైత్ర వైశాఖాల్లో పడుతుంది. వానలు రాకముందే పైకప్పు అయిపోవాలని అందరూ కోరుకుంటారు కూడా. అడవి కాలేది సరిగ్గా అప్పుడే. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో దేశమంతటికీ మంటల కాలం నవంబరు నుంచి జూన్ దాకా. మా వైపు అడవి పూర్తిగా ఎండేది ఫిబ్రవరి తర్వాతే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కర్రల మధ్య పచ్చి స్లాబు ఉంచుకుని అడవి వైపు చూస్తూ కూర్చునే పరిస్థితి ఏ ఇంటి యజమానికీ రాకూడదు.

నిప్పుకు పేరు పెట్టి రాసే చోట్ల ఏం చేస్తున్నారో చూద్దాం. పెద్ద ప్రాజెక్టుల్లో వాడే ఫిడిక్ (అంతర్జాతీయ ఇంజనీర్ల సమాఖ్య) నమూనా ఒప్పందాల్లో ఇలాంటి ఆపద వస్తే తెలిసిన 14 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ప్రకృతి విపత్తు అయితే కాంట్రాక్టరుకు గడువు పెంచుతారు, అదనపు డబ్బు మాత్రం ఇవ్వరు. గడువు వేరు, డబ్బు వేరు అన్న ఈ ఒక్క విభజన చిన్న అగ్రిమెంట్లలో కూడా పెట్టుకుంటే సగం తగాదాలు పుట్టవు. కాలిఫోర్నియాలో ఇంకాస్త ముందుకెళ్లారు. అత్యవసర పరిస్థితి ప్రకటించాక 180 రోజుల పాటు రిపేరు, పునర్నిర్మాణ పనుల రేట్లు పది శాతానికి మించి పెంచడం అక్కడ నేరం. గాలిలో పొగ నుసి సూచీ 151కి చేరితే బయట పనిచేసేవాళ్లకు రక్షణ కల్పించాల్సిన బాధ్యత వాళ్లను పనిలో పెట్టుకున్నవారిది. కాబట్టి మంట మైళ్ల దూరంలో ఉన్నా సైటు ఆగిపోవచ్చు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాక ఇవన్నీ అక్కడి కుటుంబాలకు రోజువారీ మాటలయ్యాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వెళ్లి అక్కడ ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకు ఇది వార్త కాదు, ఇంటి గడప దాకా వచ్చిన సంగతి.

మనకు అలాంటి రేటు కట్టడి లేదు. అందుకే పని ఆగిన రోజులకు కూలీల ఖాళీ ఖర్చు ఎవరిది, ఆగి మళ్లీ మొదలుపెట్టేనాటికి పాత రేటేనా అన్నది అగ్రిమెంటులోనే ఉండాలి. బ్యాంకు లోను ఉంటే ఇంకా టెన్షన్. పని ఆగినా ఇచ్చినంత డబ్బు మీద వడ్డీ ఆగదు.

బీమా దగ్గర చాలామంది పొరబడతారు. గతంలో అందరూ తీసుకున్న స్టాండర్డ్ ఫైర్ పాలసీలో పొదల మంటకు రక్షణ ఉండేది, అడవి మంటకు మాత్రం అదనపు ప్రీమియం కట్టి విడిగా తీసుకోవాల్సి వచ్చేది. కొండ కింద ఇల్లున్నవాడికి ఆ రెండింటికీ తేడా ఎక్కడ? 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో పొదల మంట, అడవి మంట రెండూ చేర్చారు. ఇది మంచి మార్పు. కానీ కడుతున్న ఇంటికి అడగాల్సింది వేరే పాలసీ. దాన్ని కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అంటారు, ఏజెంట్లు సీఏఆర్ అంటారు. తీసుకునేటప్పుడు మూడు విషయాలు చూడాలి. పాలసీ యజమాని, కాంట్రాక్టరు ఇద్దరి పేర్ల మీదా ఉండాలి, లేకపోతే పరిహారం ఒకరికొచ్చి నష్టం ఇంకొకరికి మిగులుతుంది. సర్వీ కర్రలు, ప్లైవుడ్ లాంటి తాత్కాలిక సామాను విలువ కూడా అందులో చూపించాలి. కాలిన శిథిలాలు ఎత్తిపోసే ఖర్చు విడిగా చేర్పించాలి. ఇంకో మాట: పని చాలాకాలం ఆగిపోతే ఇలాంటి పాలసీల్లో రక్షణ కూడా ఆగిపోవచ్చు. మంటల భయంతోనో డబ్బు సర్దుబాటు కాకనో పని ఆపాల్సివస్తే ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి.

ఇంటి ప్లానులో కూడా ఒప్పందానికి పని ఉంది. కాలిఫోర్నియాలో మంటల ముప్పున్న చోట్ల ఇంటి చుట్టూ వంద అడుగుల మేర ఎండు చెత్త తీసేసి, పొదలు పలచగా ఉంచుకోవాలి. బాబాయి స్థలంలో ఒక పక్క వంద అడుగులు కొలిస్తే టేపు అడవిలోకి వెళ్తుంది. అక్కడ పుల్ల కూడా విరవడానికి లేదు. కాబట్టి ఇంటిని అడవి హద్దుకు వీలైనంత దూరంగా, రోడ్డు వైపు జరపమన్నాను. హద్దు ఎక్కడన్నది రెవెన్యూ, అటవీ శాఖలు కలిసి కొలిచి చెప్పాలి, మేస్త్రీ చూపించే రాయి సరిపోదు. ఇళ్లు ఎక్కువగా అంటుకునేది ఎదురుగా వచ్చే మంట నాలుకతో కాదు, గాలికి ముందే ఎగిరొచ్చే నిప్పురవ్వలతో. అవి వెంటిలేటర్లలోంచి, పెంకుల సందుల్లోంచి దూరతాయి. "ఫైర్ ప్రూఫ్‌గా కట్టాలి" అని రాస్తే దానికి ఏ అర్థమూ లేదు. వెంటిలేటర్లకు అంగుళంలో ఎనిమిదో వంతుకు మించని కన్నాల లోహపు జాలీ, డాబా మీద తాటాకు పందిరి వద్దు, అడవి వైపు కిటికీలకు ఇనుప తలుపులు అని వస్తువు పేరుతో రాయాలి. రాస్తేనే రేటు కట్టగలరు, కట్టకపోతే అడగగలం.

మంట ఏ రోజు, ఏ వైపు నుంచి వచ్చిందన్నది రుజువు చేయడం కష్టమని కాంట్రాక్టరు అన్నాడు. దానికి ఇప్పుడు దారి ఉంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటలను గుర్తించి హెచ్చరికలు పంపుతుంది, నాసా నడిపే ఫిర్మ్స్ అనే మంటల పటంలో కూడా తేదీతో సహా ఎవరైనా చూడొచ్చు. ఆ పటంలో ఒక్కో చుక్క సుమారు 375 మీటర్ల గడిని చూపిస్తుంది కాబట్టి మన సైటులోనే పుట్టిందా, పక్కనా అన్నది తేల్చదు. కానీ చుక్క కనబడితే ఆ రోజు కొండ మీద మంట ఉందని మూడో మనిషి సాక్ష్యంలా చెబుతుంది. దానికి తోడు సైటు ఫొటోలు, అగ్నిమాపక శాఖకు ఫోన్ చేసిన సమయం. నోటీసు వాట్సాప్‌లో ఇచ్చినా చెల్లుతుందని అగ్రిమెంటులో రాసుకున్నాం. చిన్న కాంట్రాక్టరు స్పీడ్ పోస్టు కోసం కొండపల్లి పోస్టాఫీసు చుట్టూ తిరగలేడు.

ఇవన్నీ మాట్లాడుకున్నాక పాత వాక్యం కొట్టేసి ఇలా రాశాం:

"సైటు బయట పుట్టిన మంట, ఎవరి వల్ల పుట్టినా, పనికి అడ్డమైనా, పొగ వల్ల గానీ అధికారుల ఆదేశం వల్ల గానీ పని ఆగినా, కాంట్రాక్టరు మూడు రోజుల్లో తెలియజేయాలి. ఆగినన్ని రోజులు గడువు పెరుగుతుంది, రేటు పెరగదు. కట్టిన పనికి, సైటులోని సరుకుకు కలిగిన నష్టం ముందు ఇద్దరి పేర్ల మీద ఉన్న బీమా నుంచి తీసుకోవాలి. బీమా ఇవ్వని మొదటి భాగాన్ని ఇద్దరూ చెరిసగం భరించాలి. వేడి తగిలిన కాంక్రీటును ఇద్దరికీ ఇష్టమైన ఇంజనీరు పరీక్షించాలి, ఆ ఖర్చు యజమానిది. పని 60 రోజులకు మించి ఆగితే ఎవరైనా ఒప్పందం ముగించవచ్చు. అప్పటిదాకా జరిగిన పనిని కొలిచి, అడ్వాన్సులో మిగిలింది 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. సైటులో పుట్టిన మంటకు పై ఏదీ వర్తించదు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా సైటులో చెత్త కాల్చకూడదు, కట్టెల పొయ్యి పెట్టకూడదు, వెల్డింగ్ దగ్గర నీళ్ల డ్రమ్ము, ఇసుక బకెట్లు ఉండాలి."

కాంట్రాక్టరు రెండుసార్లు చదివించుకున్నాడు. పొయ్యి గురించి రాసిన దగ్గర ఆగి, "మరి కూలోళ్లు ఏం వండుకుంటారండీ?" అన్నాడు. సబబైన మాట. గ్యాస్ పొయ్యి, సిలిండరు యజమాని ఇవ్వాలని ఒక లైను చేర్చాం.

తర్వాత తన పాత ప్రశ్నకు తానే జవాబు చెప్పాడు. స్లాబు కింద సర్వీ కర్రలు మానేసి ఇనుప జాకీలు పెడతానన్నాడు. అద్దె ఎక్కువవుతుంది కాబట్టి ఆ తేడా సారు ఇవ్వాలన్నాడు. బాబాయి వెంటనే సరేనన్నాడు. సంతకాల కింద ఆ ఒక్క అంకెకు మాత్రం ఖాళీ వదిలాం. ఆటోనగర్‌లో అద్దె కనుక్కుని రేపు పొద్దున ఫోన్ చేస్తానన్నాడు కాంట్రాక్టరు.